నాలుక పెట్టి చూసిన సబ్బు

సబ్బు కొనేటప్పుడు ఎవరైనా ఏం చూస్తారు? వాసన చూస్తారు, రంగు చూస్తారు, ధర చూసి మొహం చిట్లిస్తారు. ఈవిడ సబ్బు కొనేవాళ్ళు మాత్రం ముందు అట్టపెట్టె మీది బొమ్మ చూస్తారు. వెనక్కి దువ్విన తెల్లజుట్టు, గుండ్రటి కళ్ళద్దాలు, పెదాల మధ్య నుంచి బయటికొచ్చిన నాలుక కొస, దాని మీద ఆనించిన సబ్బు ముక్క. కింద "నేను చూశాను" అని ఒక్క ముక్క. ఆ మాట నమ్మి జనం పసిపిల్లల ఒంటికి కూడా కళ్ళు మూసుకుని రుద్దేవారు.

అందరూ ఆవిణ్ణి సబ్బులమ్మ అనేవారు. అసలు పేరుతో పిలిచే పెద్దవాళ్ళు పోయారు. పిలవగలిగిన మొగుడు ఒకడున్నాడు గాని, వాచీలు బాగుచేసుకునే ఆయనకు పెళ్ళాన్ని పిలవాల్సిన అవసరమే ఎప్పుడూ రాలేదు. ఆవిడే ముందు మాట్లాడేది, ఆవిడే ఆఖర్న ఆపేది.

సబ్బుల్లోకి రాకముందు ఆవిడ ఒక పెద్ద లాండ్రీలో దుప్పట్లు ఉతికేది. అక్కడ తనతో పనిచేసిన ఒక ముసలావిడ మిగిలిన నూనెతో సబ్బు చేసుకునేది. ఆవిడ దగ్గరే నేర్చుకుంది. సబ్బంటే నూనె, నీళ్ళు, కాస్టిక్ సోడా. సోడా పడగానే నీళ్ళు పొయ్యి లేకుండానే కాగుతాయి. ఆ నీళ్ళు నూనెలో పోసి చిక్కబడేదాకా తిప్పి, అచ్చుల్లో పోసి, గట్టిపడ్డాక కోస్తారు. కోసిన రోజు నుంచే చూడ్డానికి సబ్బే, లోపల మాత్రం సోడా ఇంకా బతికే ఉంటుంది. నెల పైగా అరల మీద గాలికి మగ్గితే గాని అది చావదు. చచ్చిందో లేదో చేతికి తెలియదు, ఉతికి ఉతికి చేతులు ఎప్పుడో మొద్దుబారిపోయి ఉంటాయి. అందుకే నాలుక. మగ్గిన ముక్కను నాలుక కొసకు అలా తాకిస్తే, సోడా మిగిలి ఉంటే సూదితో పొడిచినట్టు చురుక్కుమంటుంది. ఏమీ అనకపోతే సబ్బు సిద్ధం. లాండ్రీ ముసలావిడ ఒక్కో తడవకు ఒక్కసారే తాకించి, వెంటనే పుక్కిలించి ఉమ్మేది. సబ్బులమ్మకు తాకించడం బాగా వంటబట్టింది. ఉమ్మడం దగ్గరే తేడా వచ్చింది.

లాండ్రీలోకి యంత్రాలొచ్చి చేతులు అక్కర్లేదన్నాక ఆవిడ ఇంటి వెనక గదిలో రెండు బకెట్లు, ఒక కర్ర తెడ్డు పెట్టుకుని మొదలుపెట్టింది. వీధి మలుపులో బల్ల వేసుకుని అమ్మేది. ఒకరోజు ఒకావిడ సబ్బు అటూ ఇటూ తిప్పి, దీంతో చర్మం ఊడిపోదని ఏమిటి నమ్మకం అని అడిగింది. సబ్బులమ్మ ఆ ముక్క లాక్కుని నాలుక మీద పెట్టి చూపించింది. "నా నాలుకకేం కాలేదు. నీ చర్మం దీనికంటే సుకుమారమా? అయితే కొనకు, దాచుకో దాన్ని," అంది. అడిగినావిడ నవ్వి అరడజను పట్టుకెళ్ళింది. అప్పుడు పక్కనే నిలబడి ఫోన్లో ఇదంతా తీసింది కోడలు.

కోడలు చురుకైన పిల్ల. అత్త నోటికి జడిసి చుట్టాలు సగంమంది గుమ్మం తొక్కడం మానేస్తే, ఆ నోరే సరుకని కనిపెట్టిన మనిషి ఆ పిల్ల ఒక్కతే. అత్త తిట్టడం, అత్త వెక్కిరించడం, ఆఖర్న నాలుక పెట్టి చూడడం, అన్నీ చిన్న చిన్న వీడియోలుగా పెట్టింది. జనం ఎగబడ్డారు. తిట్టించుకోవడానికి డబ్బిచ్చే జనం కూడా ఉంటారని సబ్బులమ్మకు అప్పటిదాకా తెలియదు. తెలిశాక మాత్రం తన పుట్టుక ఇందుకేనన్నంత ఠీవిగా కూర్చునేది కెమెరా ముందు. బొమ్మ గీయించారు, పెట్టెలు అచ్చు వేయించారు. వెనక గది చాలక పక్క షెడ్డు అద్దెకు తీసుకున్నారు. కొడుకు చేస్తున్న డ్రైవరు ఉద్యోగం మానేసి సొంత వ్యాన్ ఎక్కాడు. ఇల్లంతా ఒక్క నాలుక మీద నిలబడింది.

వీడియోకి మగ్గిన సబ్బు పనికిరాదు. నెలపాటు గాలికి ఆరిన ముక్క పాలిపోయి, మాసిన గోడలా ఉంటుంది. అప్పుడే కోసినది మాత్రం తడిగా, నున్నగా, దీపం పడితే మెరుస్తూ ఉంటుంది. అందుకని కెమెరా ముందు నాలుక మీదికి వెళ్ళేది ఎప్పుడూ కొత్త ముక్కే. ఒకసారితో అయ్యేది కాదు. వెలుతురు రాలేదత్తయ్యా, ఇంకొక్కసారి. వెనక వ్యాన్ హారను పడిందత్తయ్యా, ఇంకొక్కసారి. చురుక్కుమనేది, కళ్ళలో నీళ్ళు తిరిగేవి, ఆవిడ రెప్ప వాల్చేది కాదు. పుక్కిలించడానికి లేస్తే జుట్టు చెదురుతుందని లేచేది కాదు. కొన్నాళ్ళకు చురుక్కుమనడం తగ్గింది. అలవాటు పడ్డానని గర్వపడింది.

అలవాటు కాదది. ఒకనాడు భోజనం చేసి నీళ్ళు తాగుతుంటే గ్లాసులో ఎర్రగా తేలింది. అద్దం ముందు నోరు తెరిచి చూసుకుంది. నాలుక కొస తన పళ్ళకిందే నలిగి చీలి ఉంది. ఎప్పుడు కొరుక్కుందో తెలియదు. నొప్పి లేదు. చెంచాడు ఉప్పు తీసి దాని మీద పోసుకుంది. చీలిన చోట కూడా మండలేదు. అద్దంలోని ముసలిదాని నాలుక మీద ఉప్పు తెల్లగా కూర్చుని ఉంది, కిటికీ గట్టు మీద దుమ్ము కూర్చున్నట్టు.

ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవలసిన మాటా అది? చెయ్యి విరిగితే చెప్పుకుంటారు, కాలు బెణికితే చెప్పుకుంటారు. బొమ్మలో ఉన్నది చెయ్యీ కాలూ కాదుగా. పైగా అంతకు కొన్ని నెలల ముందే ఆ దారి ఆవిడే మూసేసుకుంది. కోడలు ఎక్కడో చదివి ఒక చిన్న సీసా మందు తెప్పించింది. సబ్బు మీద చుక్క వేస్తే, సోడా మిగిలి ఉంటే గులాబీ రంగుకు తిరుగుతుందట. సబ్బులమ్మ కెమెరా ముందే ఆ సీసా ఎత్తి పట్టుకుని, "రంగు తిరిగేవాళ్ళను నేను జన్మలో నమ్మలేదు, నీళ్ళచుక్కను నమ్ముతానా? నా నాలుకున్నంతకాలం ఈ ఇంట్లోకి ఇది రాదు," అని కాలవలో పారబోసింది. అన్ని వీడియోల్లోకీ ఎక్కువమంది చూసింది దాన్నే. బజారులో ఎదురైన వాళ్ళు కూడా ఆ మాటే అప్పజెప్పి నవ్వేవారు. ఇప్పుడు మళ్ళీ ఆ సీసా తెమ్మని ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది?

అలా ఏడాది గడిచింది. ఆవిడ రోజూ అరల దగ్గరికి వెళ్ళేది, ముక్క తీసేది, తాకించేది, ఊఁ అనేది. కొడుకు ఆ ఊఁ కోసం పెట్టెలు పట్టుకుని నిలబడి ఉండేవాడు. గిరాకీ పెరిగినకొద్దీ అరల మీద సబ్బు ఉండే కాలం తగ్గుతూ వచ్చింది. నెల పైన ఉండాల్సింది నెలలోపుకు దిగింది, తర్వాత ఇంకా దిగింది. కొడుకు ఒకటి రెండుసార్లు, ఇది త్వరగా తీసేస్తున్నామేమో అమ్మా అన్నాడు. అన్నవాడే, నువ్వు చూశావుగా, ఇంకేం అని వ్యాన్ ఎక్కించాడు. పాత కొలతలే గనక ఏమీ కాలేదని ఆవిడ గుండెకు సర్దిచెప్పుకునేది. ఫిర్యాదులు రాలేదు. వచ్చినా తనదాకా రానిచ్చేవాళ్ళు కాదేమో అన్న ఆలోచన మాత్రం అప్పుడప్పుడు వచ్చేది. వచ్చిందాన్ని వచ్చిన దారినే పంపేసేది.

ఇలా ఉండగా ఒక పెద్ద షాపతను కొత్తగా తెరుస్తున్న అంగడిలో గుమ్మం పక్కన మొత్తం గోడ వీళ్ళ సబ్బులకే ఇస్తానన్నాడు. తెరిచే రోజున సబ్బులమ్మ వచ్చి, జనం ముందు మైకు పట్టుకుని నాలుగు తిట్లు తిట్టి, నాలుక పెట్టి చూపించాలి. కోడలికి నేల మీద కాలు నిలవలేదు. సరుకు చాలదని పెద్ద డ్రమ్ము కొన్నారు. అంత సరుకు ఒకేసారి కలిపి వాళ్ళు ఎప్పుడూ ఎరగరు.

కొడుకు సోడా తూచి పోస్తున్నాడు. సగంలో పెట్టెలవాడు వచ్చాడని కోడలు పిలిస్తే వెళ్ళాడు. తిరిగొచ్చి డ్రమ్ము చూసి, పక్కన పోగుపడ్డ ఖాళీ సంచులు చూసి, తల గోక్కుంటూ నిలబడ్డాడు. రెండో సంచి పోశానా లేదా అని తల్లిని అడిగాడు. ఆవిడ అటు తిరిగి నూనె వడగడుతోంది.

"పోసెయ్యరా. నాలుకుందిగా, ఎక్కువైతే అదే చెప్తుంది," అంది.

మాట నోరు దాటాక గాని దాని అర్థం ఆవిడకు అందలేదు. ఎన్నేళ్ళుగానో అంటున్న మాట. కొడుకు చెయ్యి ఆగలేదు. రెండో సంచి డ్రమ్ములో పడ్డ చప్పుడు విన్నది. అది రెండోదో మూడోదో దేవుడికి తెలియాలి. ఆగరా అనొచ్చు. ఆ తర్వాత ఎందుకమ్మా అని వాడు అడుగుతాడు. దానికి జవాబు ఆవిడ దగ్గర లేక కాదు, ఉండబట్టే నోరు మూసుకుంది.

కోసిన సబ్బుల మీద తెల్లటి పొడి లేచింది. కొడుకు అది చూపించాడు. గాలికి అలా వస్తూ ఉంటుంది లెమ్మంది, నిజంగా వస్తుంది కూడా. కాని ఎక్కువైన సోడా కూడా అలాగే తేలుతుంది. అరల మీద ఉంచడానికి రోజులు లేవు. తెరిచే రోజు దగ్గర పడగానే కొడుకు పెట్టెలు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. ఆవిడ ముక్క తీసి నాలుకకు ఆనించింది. ఏమీ లేదు. ఇంకాస్త గట్టిగా నొక్కింది. రాయి మీద రాయి పెట్టినట్టుంది.

"ఎలా ఉందమ్మా?"

"బాగుంది."

ఆ సాయంత్రం అదే సబ్బు తడిపి మోచేతి మడతలో, ఇంకా లేతగా మిగిలిన చోట, రుద్దుకుని గుడ్డ కట్టుకుంది. కాసేపటికి అక్కడ మండడం మొదలుపెట్టింది. కడుక్కోలేదు, ఓర్చుకుంది. తెల్లారి గుడ్డ విప్పితే చర్మం ఎర్రగా ఉబ్బి, మధ్యలో తడితడిగా ఊడి వచ్చింది. పొడుగు చేతుల జాకెట్టు తొడుక్కుంది.

మొగుడు బల్ల దగ్గర కూర్చుని ఒక వాచీ పొట్ట విప్పుతున్నాడు. టీ పెట్టి తెచ్చి పక్కన పెట్టింది. ఆయన తల ఎత్తకుండానే, చెయ్యి ఏమైంది అన్నాడు. ఆవిడ ఏమీ కాలేదంది. ఆయన భూతద్దం కంటి నుంచి తీశాడు.

"ఏడాదిగా కూరల్లో ఉప్పు నేనే కలుపుతున్నా. నువ్వు అటు తిరిగినప్పుడు. నీకెప్పుడు తెలుస్తుందా అని చూస్తున్నా."

ఆ మొగుడు వరసగా అన్ని మాటలు మాట్లాడడం ఆవిడ ఎప్పుడూ వినలేదు. ఏడాదిగా తెలిసీ నోరెత్తలేదేమని కస్సుమంది. చెప్తే వినే రకానివా అన్నట్టు చూసి ఆయన మళ్ళీ భూతద్దం పెట్టుకున్నాడు. ఇంటికి దొంగలొస్తే కూడా ఈయన ఏ మూల ఏం పోయిందో లెక్క చూసుకుని ఊరుకుంటాడని గొణుక్కుంటూ ఆవిడ కోడలి దగ్గరికి వెళ్ళింది.

కోడలు పెట్టెల మధ్య కూర్చుని ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మాట్లాడుతోంది. అయ్యేదాకా ఆగి, ఈ సరుకు వద్దు, పాతవి ఏమైనా ఉంటే అవే పంపుదామంది సబ్బులమ్మ. పాతవెక్కడున్నాయత్తయ్యా, అంతా వెళ్ళిపోయిందిగా అంది కోడలు. ఇది నాకు నచ్చలేదు అంది ఈవిడ.

"నిన్ననే కదండీ నాలుక పెట్టి బాగుందన్నారు?"

కోడలు ఆ మాట మామూలుగానే అంది. అన్నాక మాత్రం చూపు తిప్పుకోలేదు. ఆవిడ నోటి దగ్గరే ఆగింది ఆ చూపు. ఒక్క మాట చాలు. ఆ మాటతో గోడా పోతుంది, వ్యానూ పోతుంది, పెట్టె మీది బొమ్మ పోతుంది. మిగిలేది లాండ్రీలోంచి పంపేసిన ముసలిది. ఇంట్లో ఎవరూ ఎదురుచెప్పని తన మాట కూడా దాంతోపాటే పోతుంది.

"బాగుందన్నాలే," అని వెనక్కి తిరిగింది.

అంగడి తెరిచే పొద్దున గుమ్మం ముందు జనం తోసుకుంటున్నారు. చిన్న వేదిక, దాని మీద కుర్చీ, పక్కనే ఆవిడ బొమ్మ నిలువెత్తున. బొమ్మ నాలుక ఎర్రగా నిగనిగలాడుతోంది. అంత ఎర్ర నాలుక ఆవిడకు ఎప్పుడూ లేదు. షాపతను వంగి వంగి దండం పెట్టి మైకు ఇచ్చాడు. ఆవిడ నోరు తెరవకముందే ముందు వరసలో నవ్వు మొదలైంది. కోడలు కొత్త ముక్క తళతళలాడేలా తుడిచి అరచేతిలో పెట్టింది.

సబ్బులమ్మ దాన్ని నోటిదాకా తీసుకెళ్ళి ఆపింది. తన నాలుక ఏం చెప్తుందో తనకు తెలుసు. ఏమీ చెప్పదు. చేతిని పక్కకు జరిపి ముక్కను కోడలి నోటి ముందు పెట్టింది.

"ఇవాళ నువ్వు చూడమ్మాయ్."

జనం ఈలలు వేశారు. కోడలి మొహంలో రంగు పోయింది. అయినా ఫోన్లన్నీ తనవైపే ఉన్నాయి. నాలుక కొస బయటపెట్టి ఆనించింది. సబ్బులమ్మ ఆ మొహాన్నే చూస్తోంది. ఏడాదిగా తన దగ్గర లేనిదంతా అక్కడ కనిపించింది. కనురెప్పలు టపటపమన్నాయి, మెడ నరం లేచింది, కింది పెదవి లోపలికి పోయింది, రెండు కళ్ళనిండా నీళ్ళు నిండాయి. అంత మంట తనకు మొదటి రోజుల్లో కూడా తెలియదు.

కోడలు నవ్వింది. మైకు తన వైపుకు లాక్కుంది.

"మా అత్తయ్య చెప్పినట్టే ఉందండీ. సంతోషానికి కన్నీళ్ళొస్తున్నాయి," అంది. మాట కొంచెం ముద్దగా వచ్చింది. చప్పట్లు మోగాయి.

సబ్బులమ్మ మైకు లాక్కుంది. "కొనకండి," అంది. "ఇది ఒంటికి పనికిరాదు. కొనకండి, చెప్తున్నాను."

జనం విరగబడి నవ్వారు. తిట్టమ్మా ఇంకా తిట్టు అని ఎవడో అరిచాడు. ఆవిడ జాకెట్టు చెయ్యి పైకి లాగి ఎర్రటి మచ్చ చూపించింది. వెనక వరసల వాళ్ళకు అది కనిపించలేదు, ముందు వరసల వాళ్ళు ఫోను ఎత్తిపట్టి చూస్తున్నారు. కోడలు మెల్లిగా వచ్చి, ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేసి, ఆ జాకెట్టు చెయ్యి కిందికి లాగేసింది. షాపతను గోడకు అడ్డంగా కట్టిన రిబ్బను కత్తిరించాడు. జనం పెట్టెల మీద పడ్డారు.

ఆవిడ వేదిక దిగింది. మాట పనిచెయ్యడం లేదని తెలిసిపోయింది. ఇన్నేళ్ళూ నిజం చెప్పినప్పుడూ నవ్వారు, అబద్ధం చెప్పినప్పుడూ నవ్వారు, ఇవాళ ఒక్కరోజు తేడా ఎలా తెలుస్తుంది వాళ్ళకు? గోడ దగ్గర పాపను భుజాన వేసుకున్న ఒకావిడ నాలుగు పెట్టెలు సంచీలో వేసుకుంటోంది. సబ్బులమ్మ వెళ్ళి ఆ సంచీ పట్టుకుంది. పాప తల్లి సంబరంగా, మీతో ఒక ఫోటో తీసుకోనా అమ్మా అంది.

సబ్బులమ్మ గొంతు తగ్గించింది. అంత తక్కువ గొంతుతో ఆవిడ ఎవరితోనూ మాట్లాడి ఉండదు.

"నా నాలుక చచ్చిపోయిందమ్మా. ఏడాది అయింది. నాకేమీ తెలియడం లేదు. ఇవి పెట్టేసెయ్."

పాప తల్లి మొదట నవ్వింది. తర్వాత నవ్వు సగంలో ఆగింది. సంచీలోంచి పెట్టెలు ఒక్కొక్కటిగా తీసి గోడ అరలో పెట్టింది. చివరిది పెట్టిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. చుట్టూ జనం తోసుకుంటున్నారు, మైకులో కోడలి గొంతు గలగలమంటోంది.

"పాప పుట్టినప్పటినుంచీ మీ సబ్బేనమ్మా వాడుతున్నాను," అంది ఆవిడ. "వీపు మీద పుండ్లకు డాక్టరు గారు ఇంకేమిటో అనుకుని మందులు మారుస్తున్నారు. మరి ఇన్నాళ్ళూ నేను కొన్న సబ్బులన్నీ ఎవరు చూశారు?"

ఆ తల్లి అక్కడే నేల మీద కూర్చుని, పాపను భుజం మీద నుంచి దించి, ఒడిలో బోర్లా తిప్పుకుని, చొక్కా వెనక గుండీలు విప్పడం మొదలుపెట్టింది.